దుప్పటితో చెప్పిన మాట

కొండ దిగినంతసేపూ డ్రైవరు నోరు విప్పలేదు. చదును రోడ్డు తగిలాక గేరు మార్చి, అరచేతుల చెమట ప్యాంటుకు తుడుచుకొని, అద్దంలో వెనక్కి చూశాడు.

వ్యాను వెనక భాగంలో, గుడారం మూటకీ పరుపుచుట్టకీ మధ్య, నీలం దుప్పటి ముసుగు ఎత్తుగా ఉంది. కదలడం లేదు. పొద్దుట టీకొట్టు దగ్గర మొదలైన ముసుగు అది.

టీకొట్టు దగ్గర కలిసినవాడు డ్రైవరుతో కలిసి బస్సులు నడిపేవాడే. మంచివాడు. నోట్లో మాట ఆగదు. కొండమీది ఊరికి బదిలీ అడిగావటగా, మరి మేనేజరు తనకేం తెలీదంటాడేంటన్నా, అని నవ్వుతూ అడిగేసి తన టీ తాను తాగి వెళ్ళిపోయాడు.

పక్కనే ఉన్న డ్రైవరు భార్య, టీచరు, చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. కొండమీది ఊరి బడికి హెడ్మిస్ట్రెస్‌గా ఆమెకు ఆర్డరు వచ్చింది. తానూ అక్కడి డిపోకు మార్చమని అడిగానని, చూద్దామన్నారని మొగుడు చెప్పాడు. ఆ మాట పట్టుకొని ఆమె ఇంట్లో సామాను సర్దడం కూడా మొదలుపెట్టింది. సెలవుల్లో ఈ ప్రయాణం పెట్టుకున్నదీ అందుకే. కోటా, చెరువూ, అడివీ పిల్లలకు చూపించుకుంటూ, రాత్రిళ్ళు గుడారంలో పడుకుంటూ, చివరికి ఆ ఊరు చేరి నలుగురికీ సరిపోయే ఇల్లొకటి చూసుకోవాలని.

మిగిలిన టీ పారబోసి వెళ్ళి వెనక ముసుగు తన్నింది. దారిలో చిన్న కొండ మీది కోట దగ్గర దిగింది. పిల్లల్ని చెరో చేత్తో పట్టుకొని లోపలికి వెళ్ళింది, వచ్చింది. మొగుడి మొహం చూడలేదు. డ్రైవరు బండి దగ్గరే నిలబడిపోయాడు. ఆ కొండ పక్కనుంచి ఏళ్ళ తరబడి బస్సు నడిపాడు గాని, కోట గుమ్మం ఏ వైపుందో కూడా అతనికి తెలియదు.

ఇప్పుడు పెద్దపిల్ల ముందు సీట్లో కూర్చొని కోటలో ఏరుకున్న పావురాయి ఈకలు ఒడిలో పరుచుకుంది. ప్రతిదానికీ వాదన పెట్టుకుంటుందని ఆ పిల్లను ఇంట్లో లాయరమ్మ అంటారు. మధ్య సీట్లో ఆ పిల్ల తమ్ముడు పిడుగు నోరు తెరుచుకొని నిద్రపోతున్నాడు.

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు.

"అడగలేదు," అన్నాడు అద్దంతో. "నిజమే. మేనేజరు గది గుమ్మం దాకా వెళ్ళాను. వెనక్కి వచ్చేశాను."

ముసుగు కదలలేదు.

"కావాలని కాదు. నువ్వు పెద్ద కుర్చీలో కూర్చుంటే నాకు కుళ్ళని అనుకుంటున్నావేమో, అదీ కాదు. నాకు... ఘాట్ రోడ్డంటే భయం."

లాయరమ్మ చేతిలో ఈక ఆగిపోయింది.

ఒకసారి మొదలయ్యాక అతను ఆపలేకపోయాడు. నిరుడు కొండమీదనుంచి నిండు బస్సుతో దిగుతుంటే బ్రేకు పట్టకుండా పోయిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. బస్సును కొండవైపు గోడకు రాసుకుంటూ పోనిచ్చి ఆపాడని, ఒక్కరికీ గీత పడలేదని, డిపోలో అందరూ నిలబడి చప్పట్లు కొట్టారని తెలుసు. ఆ తర్వాతి సంగతి ఎవరికీ తెలియదు. ఆ మర్నాటినుంచి రోడ్డు వాలిందంటే అతని మోకాళ్ళు వణుకుతాయి. కొండ డ్యూటీ పడ్డప్పుడల్లా కడుపునొప్పనో, చుట్టాలొచ్చారనో చెప్పి ఎవరో ఒకరితో మార్చుకుంటూ వచ్చాడు. ఇవాళ ఈ చిన్న కొండ ఎక్కేటప్పుడు వెనక బళ్ళన్నీ హారన్లు కొడుతుంటే ఇంజను వేడెక్కిందని పిల్లలకు చెప్పాడు. ఇంజను చల్లగానే ఉంది.

"నువ్వేమో ఆ కథ మీ బడంతా చెప్పుకున్నావు. క్లాసులో పిల్లలకి కూడా చెప్పావంట. ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు, నాకు వణుకు పుడుతోందని? ఆ ఊరు వచ్చానంటే రోజూ పైకీ కిందికీ అదే రోడ్డు. అందుకని అడగలేదు. అంతే."

వ్యాను ఒక వంతెన దాటింది. కింద నీళ్ళలో కొంగలు నిలబడి ఉన్నాయి. ఇంకో సమయంలో అయితే అతను బండి నెమ్మది చేసి పిల్లలకు చూపించేవాడు.

"తిట్టాలనుంటే తిట్టు. ఊరుకోకు."

వెనక చడీచప్పుడూ లేదు. ఇంత చెప్పినా పలకకపోతే ఇంకేం చెయ్యాలన్నట్టు డ్రైవరు తలాడించాడు. మాటలకు పిడుగుకు మెలకువ వచ్చింది. వాడు సీటు మీద మోకాళ్ళు వేసి వెనక్కి వంగి, తల్లిని లేపుదామని దుప్పటి మీద చేయి వేశాడు.

"నాన్నా, ఇక్కడ అమ్మ లేదు. దిండ్లున్నాయి."

డ్రైవరు బండి పక్కకు తీసి ఆపాడు. దిగి వెనక తలుపు తెరిచి దుప్పటి లాగాడు. రెండు దిండ్లూ, చుట్టచుట్టిన ఉన్ని శాలువా. అంతే. సీటు కింద ఆమె చేతిసంచి, అందులో ఆమె ఫోను.

లాయరమ్మ ఏడుపు మొహం పెట్టింది గాని నోరు మానలేదు. అమ్మ ఎక్కిందో లేదో చూసుకోకుండా బండి ఎలా తీశావని నిలదీసింది.

"వెనకనుంచి రైటిచ్చారు కదా. రెండు చరుపులు వినబడ్డాయి. తీశాను."

"ఎవరిచ్చారు? మేమిద్దరం లోపలే ఉన్నాం."

బస్సులో వెనకనుంచి కండక్టరు రేకు మీద రెండుసార్లు చరిస్తే పొమ్మని. అన్నేళ్ళుగా ఆ చప్పుడు చెవిన పడగానే అతని కాలు దానంతటది క్లచ్చి మీదికి పోతుంది. మనసును అడగదు. ఇవాళా అడగలేదు.

బండి నడిపేటప్పుడు ఫోను కట్టేసి పెట్టెలో పడేయడం అతని అలవాటు. ఇప్పుడు తీసి తెరిస్తే తెలియని నంబరు ఒకటి మళ్ళీ మళ్ళీ పిలిచినట్టు మెసేజీలున్నాయి. ఆ నంబరుకు చేశాడు. ఎవరో కొత్తగా పెళ్ళైన కుర్రవాడు పలికాడు. కోట గుమ్మం దగ్గర ఒకావిడ ఫోను అడిగి తీసుకుందని, తాము కొండ దిగి వచ్చేశామని, ఆవిడ అక్కడే కూర్చుని ఉందని చెప్పాడు. ఏడుస్తోందా అని డ్రైవరు అడిగాడు. లేదండీ అన్నాడతను. కొంచెం ఆగి, మా బండిలో రమ్మంటే రానంది, అన్నాడు.

డ్రైవరు రోడ్డు మీద అటూ ఇటూ చూసి వ్యాను వెనక్కి తిప్పాడు.

కొండ మొదట్లో మళ్ళీ అతని మెడ వెనక చెమట పట్టింది. ఈసారి ఇంజను మీద నెట్టలేదు. గేరు తగ్గించి, ముక్కుతో గట్టిగా గాలి పీల్చుకుంటూ ఎక్కించాడు. లాయరమ్మ కిటికీలోంచి తల కొంచెం బయటికి పెట్టి, ఎడమవైపు ఖాళీ, ఎదర ఏమీ రావట్లేదు, ఇంకొంచెం పోవచ్చు, అని ఒక్కో మలుపుకూ చెప్తూ వచ్చింది. ఎవరూ చెప్పమనలేదు.

"నాన్నా, నీకిప్పుడు భయమేస్తోందా?" పిడుగు అడిగాడు.

"ఊఁ."

"నాక్కూడా, ఇంజక్షనంటే. కళ్ళు మూసేసుకుంటే సరి. నువ్వూ మూసుకో."

"నాన్న మూసుకోకూడదురా," అంది అక్క.

డ్రైవరుకు నవ్వొచ్చింది. నవ్వుతో మలుపొకటి తెలియకుండానే వెళ్ళిపోయింది. ఆ తర్వాతిది మాత్రం తెలిసింది.

పైకి చేరేముందు అతను నెమ్మదిగా చెప్పాడు. తాను అన్నదంతా అమ్మకు తానే చెప్పుకుంటానని, వాళ్ళు చెప్పొద్దని. పిడుగు బుద్ధిగా తలూపాడు. లాయరమ్మ ఊపలేదు.

"ఎప్పుడు చెప్తావు?"

"చెప్తానమ్మా."

"తారీఖు చెప్పు."

దానికి జవాబు చెప్పకముందే కోట గుమ్మం కనబడింది.

టీచరు గుమ్మం మెట్ల మీద కూర్చొని ఉంది. పక్కన చుట్టిన చాప, నిండా నీళ్ళు పట్టిన డబ్బా. పిడుగు బండి పూర్తిగా ఆగకముందే దూకి పరుగెత్తి ఆమె మెడ పట్టుకు వేలాడాడు. లాయరమ్మ నడిచే వెళ్ళింది గాని, వెళ్ళాక తల్లి భుజంలో మొహం పెట్టి చాలాసేపు తియ్యలేదు.

డ్రైవరు నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె ఒంటి మీద దుమ్ము తప్ప ఏమీ లేదని పైనుంచి కిందిదాకా చూసుకున్నాడు.

పొద్దుటినుంచి మొదటిసారి ఆమె అతనితో మాట్లాడింది.

"చాప దులిపాను."

"ఏంటి?"

"ఇక్కడ పరుచుకున్న చాప. వెనక తలుపుకేసి రెండు దెబ్బలు కొట్టి దులిపాను. నీళ్ళకని కుళాయి దగ్గరికి వెళ్ళి, తిరిగి చూస్తే బండి లేదు."

డ్రైవరు మెట్టు మీద కూలబడ్డాడు.

"రెండే కొట్టావా?"

"దుమ్ము రెండు దెబ్బలకే పోయింది మరి. మూడు కొట్టాల్సిందా?"

"మూడు కొడితే ఎక్కడా ఆగకుండా పొమ్మని. ఈపాటికి ఏ జిల్లాలో ఉండేవాళ్ళమో."

ఆమె పెదవులు బిగించింది. ఆగలేదు. మొహం పక్కకు తిప్పుకొని నవ్వేసింది. తల్లి నవ్వడం చూసి పిడుగు ఎందుకో తెలియకుండానే పెద్దగా నవ్వాడు. మొగుడు మాత్రం తలొంచుకొని చాప అంచు వేళ్ళతో సాపు చేస్తూ కూర్చున్నాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయని ఆమె చూసింది. చూసినట్టు బయటపడలేదు.

గుమ్మం కాపలా మనిషి తాళాలగుత్తి పట్టుకొని వచ్చాడు. వెలుతురు ఉన్నంతసేపూ లోపల తిరగొచ్చని, రాత్రికి కావాలంటే గోడ బయట చదును నేలలో గుడారం వేసుకోవచ్చని, ఇంతకుముందు కూడా జనం వేసుకున్నారని చెప్పాడు. ఇవాళ ఇక కొండ దిగనక్కర్లేదని డ్రైవరుకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక భుజాలు కిందికి జారాయి.

"మీరు కూడా రండి," అంది టీచరు. "పైకి వచ్చి గుమ్మంలోనే ఉండిపోతారా?"

అతను వెళ్ళాడు. మొదటి గుమ్మం దాటగానే దారి ఎదురుగా గోడకు కొట్టుకొని పక్కకు తిరిగింది. రెండో గుమ్మం ఆ మలుపు అవతల ఉంది. ఇంత పెద్ద కోట కట్టినవాడికి దారి తిన్నగా వెయ్యడం చేతకాలేదా అని డ్రైవరు అడిగాడు. కావాలనే అలా కట్టారని ఆమె చెప్పింది. శత్రువులు పెద్ద దుంగ పట్టుకొని దూరంనుంచి పరుగెత్తుకొస్తే తలుపు బద్దలవుతుంది. మలుపుంటే ఆ ఊపు రాదు.

"స్పీడ్ బ్రేకరన్నమాట."

"అన్నమాట," అంది ఆమె. ఇన్నేళ్ళుగా క్లాసులో చెప్తున్న పాఠానికి అంత పొట్టి పేరు తనకు తట్టనందుకు కొంచెం ఆశ్చర్యపడింది కూడా.

ఆమె ఒంటరిగా ఉన్న సమయంలో కోటంతా తిరిగిందని పిల్లలకు తెలిసిపోయింది. మధ్యాహ్నం తొందరలో చూడనివన్నీ ఇప్పుడు చూపించింది. ధాన్యం గిడ్డంగి గోడల్లో గాలికోసం వదిలిన కంతల్లో ఇప్పుడు పావురాళ్ళు కాపురం ఉన్నాయి. బండమీద చేతి వెడల్పున తొలిచిన కాలువ ఒకటి వంకర్లు తిరుగుతూ దిగి, కింద తొట్టిలో కలుస్తోంది. వానపడితే బండ మీది నీరంతా ఒక్క చుక్క వృథా కాకుండా ఆ తొట్టికి చేరుతుంది. పిడుగు డబ్బాలోంచి నీళ్ళు పోసి చూశాడు. నీళ్ళు ఆగి, ఆలోచించుకొని, వంకర వంకరగా పారి తొట్టిలో పడ్డాయి. వాడు మళ్ళీ పోశాడు. డబ్బా సగమైపోయినా టీచరు ఏమీ అనలేదు. డ్రైవరు బండ మీద బాసింపట్టు వేసుకు కూర్చొని నీళ్ళు ఏ దారిన పోతున్నాయో చూస్తూ ఉండిపోయాడు. వెళ్దామా అని అతను ఒక్కసారీ అనలేదు.

పొద్దు గుంకుతుండగా గుడారం లేచింది. మేకులు దిగక డ్రైవరు రాళ్ళు తెచ్చి తాళ్ళు కట్టాడు. టీచరు చిన్న గ్యాసు స్టవ్వు వెలిగించి టీ నీళ్ళు పెట్టింది. కింద మైదానంలో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. పిల్లలు బిస్కెట్లు పంచుకుంటూ, ఈకల్లో ఏది పెద్దదో తేల్చుకోలేక తగువులాడుకుంటున్నారు. ఇంట్లో రోజూ వినే తగువే. ఆ పూట అది వినడానికి ఇద్దరికీ హాయిగా ఉంది.

"నన్ను కావాలనే దింపేసి పోయారనుకున్నాను," అంది టీచరు, స్టవ్వు చూస్తూనే.

"ఛ."

"గోడ మీద నిలబడితే రోడ్డు మొత్తం కనబడుతుంది. బండి పోతూ ఉంది. ప్రతి మలుపు దగ్గరా వెనక ఎర్రదీపాలు వెలిగాయి. చాలాసేపు. తిరిగి వద్దామా వద్దా అని ఆలోచిస్తున్నారనుకున్నాను. ఆలోచించి, మళ్ళీ వెళ్ళిపోయారు. ఇంకో మలుపు. మళ్ళీ అంతే."

డ్రైవరు ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

ఆ కుర్రవాడి ఫోనులో ముందు మొగుడికే చేశానని చెప్పింది. పలకలేదు. తనకు కంఠతా వచ్చిన ఇంకో నంబరు బడిలో పెద్ద మేడంది. ఆవిడకు చేసింది.

"కొండమీది ఊరికి వెళ్ళనని చెప్పేశాను. ఆ పోస్టు ఇంకెవరికైనా ఇమ్మన్నాను. ఆవిడ చాలా తిట్టింది. పొద్దుటిదాకా పైకి రాసి పంపను, ఆలోచించుకో అంది. నేను ఆలోచించుకునే అన్నాను. నలుగురం ఒక బండిలో లేకుండా పోయాక నాకా కుర్చీ ఎందుకు? మీకు రావడం ఇష్టం లేదు. ఇష్టం లేదని నోటితో చెప్పలేక దాచారు. ఇంక దాని గురించి మాట్లాడుకోవద్దు. నాకు కోపం కూడా లేదు."

నిజంగానే ఆమె మొహంలో కోపం లేదు. అలసిపోయి, తేలికపడి ఉంది.

డ్రైవరుకు ముందు వచ్చింది సంతోషమే. గుండెల మీదినుంచి బండ దొర్లిపోయినట్టయింది. కొండ రోడ్డు లేదు. రోజూ ఎక్కడం లేదు, దిగడం లేదు. మేనేజరు గది గుమ్మం లేదు. తాను ఇంక ఒక్క మాట మాట్లాడనక్కర్లేదు. పాత ఇల్లు, పాత రూటు, చదును రోడ్డు.

తలెత్తేసరికి లాయరమ్మ తననే చూస్తోంది. పిడుగు కూడా బిస్కెట్టు నమలడం మాని చూస్తున్నాడు. వాడి నోరు తెరుచుకోబోతోంది. అక్క ఆ నోటికి చేయి అడ్డం పెట్టింది.

"రా," అంది వాడితో. "పావురాళ్ళు పడుకున్నాయో లేదో చూసొద్దాం."

"చీకటి పడుతోంది," అంది తల్లి.

"గోడ దాకానే. ఇక్కడికి కనబడుతూనే ఉంటాం."

వాణ్ణి చేయి పట్టుకొని లాక్కుపోయింది. పోతూ పోతూ ఒక్కసారి తండ్రి వైపు తిరిగింది. వాళ్ళిద్దరూ గోడ పక్కన చిన్నగా నిలబడ్డారు.

డ్రైవరు గడ్డిపరక తెంపి వేలికి చుట్టుకున్నాడు. విప్పాడు. మళ్ళీ చుట్టుకున్నాడు.

"పొద్దున్నే మేడంకి ఫోన్ చెయ్యి," అన్నాడు. "వెళ్తున్నానని చెప్పు."

టీచరు అతని వైపు తిరిగింది.

"వెళ్తున్నాననా, వెళ్తున్నామనా?"

అతను కింది రోడ్డు వైపు చూశాడు. రోడ్డు కొండ దిగే చోట చీకటి ముందే పడింది.

"అది ఇంకా తెలీదు. ఎందుకు తెలీదో చెప్తాను. మధ్యాహ్నం ఒకసారి చెప్పాను గాని నువ్వు వినలేదు. మధ్యలో జాలిపడకు. జాలిపడితే చెప్పలేను."

ఆమె చేయి చాచి స్టవ్వు ఆర్పేసింది. టీ ఇంకా మరగలేదు.